పక్కన మనిషి, పైన ఆకాశం

హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న దారిలో పొద్దున్నే నడిచే జంటలు మాట్లాడుకుంటూనే ఉంటాయి. అమ్మాయి పెళ్ళి సంబంధం, రాని నీళ్ళ ట్యాంకరు, వదినగారి మోకాలి ఆపరేషన్. కబుర్లతో వ్యాయామం పాడవుతుందని కొందరు విసుక్కుంటారు కానీ, ఆ కబుర్లే వ్యాయామానికి కొలమానం. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఆయాసం అడ్డు రావాలి. ఒక మోస్తరు తీవ్రత గల వ్యాయామానికి వైద్యులు చెప్పే గుర్తు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు చేయమన్నది ఈ స్థాయి శ్రమనే. "ఏమండీ, కాస్త నెమ్మదిగా!" అని వెనక నుంచి పిలుపు వస్తే, ఆవిడకు మాట్లాడే ఊపిరి మిగలడం లేదన్నమాట. ఆయన అడుగు తగ్గించాల్సిందే.

కలిసి శ్రమించడంలో ఇంకో లాభముంది. పడవ పందేల్లో తెడ్డు వేసే 12 మంది విద్యార్థులపై ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చేసిన ప్రయోగం 2009లో వెలువడింది. తెడ్డు వేసే యంత్రాలపై 45 నిమిషాల సాధన, ఒకసారి ఎవరికి వారు, మరోసారి జట్టుగా. ఆ తర్వాత రక్తపోటు చూసే పట్టీని చేతికి బిగిస్తూ, ఎంత బిగించాక నొప్పి అంటారో గమనించారు. రెండు సందర్భాల్లోనూ పడ్డ శ్రమ దాదాపు సమానమే. అయినా జట్టుగా చేసిన రోజు నొప్పిని ఎక్కువ ఓర్చుకున్నారు. కలిసి, ఒకే లయలో కదిలినప్పుడు మెదడులో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు ఎక్కువగా విడుదలవుతాయని వారి ఊహ. పన్నెండు మంది అంటే చిన్న సంఖ్యే, ఒప్పుకోవాలి. కానీ తోడు ఉన్నప్పుడు మెట్లు తేలిగ్గా ఎక్కిన అనుభవం ఎవరికి లేదు?

ఇదంతా జిమ్‌లోనూ దొరుకుతుంది కదా అనవచ్చు. వెలుతురు దొరకదు. ఆఫీసు గదిలో సాధారణంగా 300 నుంచి 500 లక్సుల (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుగు ఉంటుంది. బయట మబ్బు పట్టిన పగలు కూడా అది వేలల్లో ఉంటుంది. కంటి రెటీనాలో మెలనోప్సిన్ అనే పదార్థమున్న కణాలు ఆ వెలుగును పసిగట్టి, నిద్ర, మెలకువల వేళలను నడిపే మెదడులోని జీవ గడియారాన్ని సరిచేస్తాయి. పొద్దున చూసిన వెలుగు రాత్రి నిద్రకు సాయపడేది ఇందువల్లే. లేత ఎండలో విటమిన్ డి పుష్కలంగా వస్తుందన్న నమ్మకం మాత్రం సరికాదు. దానికి కావలసిన కిరణాలు సూర్యుడు పైకెక్కాక, మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే బాగా అందుతాయి.

ఇక మనసు సంగతి. 2020లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో వయసు పైబడినవారిని 8 వారాలపాటు, వారానికోసారి 15 నిమిషాలు నడవమన్నారు. ఒక బృందానికి మాత్రం, అబ్బురపరిచే వాటి కోసం చూస్తూ నడవమని చెప్పారు. ఆ బృందం తీసుకున్న సెల్ఫీల్లో వారాలు గడిచేకొద్దీ మనిషి బొమ్మ చిన్నదవుతూ, వెనకున్న ప్రపంచం పెద్దదవుతూ వచ్చింది. చిరునవ్వు కూడా విప్పారింది. 'నేను' కాస్త తగ్గి ఆనందం పెరగడాన్ని ఆధ్యాత్మికం అనడానికి నాకు ఏ సంకోచమూ లేదు. చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక తీరినవారు 108 ప్రదక్షిణలు చేస్తారు. అక్కడ కుటుంబమంతా ఒకే అడుగులో తిరగడం చూసినప్పుడు, మన పెద్దలు నడకనూ భక్తినీ వేరుగా చూడలేదని అనిపిస్తుంది. ఇక అబ్బురం వెతుక్కునే పని పిల్లలకు అప్పగించవచ్చు. "తాతయ్యా, అదిగో నెమలి!" అని కేబీఆర్ పార్కులో మనవడు చెయ్యి పట్టి ఆపేస్తే, ఆ నిమిషం నడక ఆగినా నష్టమేమీ లేదు.

మన నగరంలో ఒక జాగ్రత్త అవసరం. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చల్లగాలి నేలకు దగ్గరగా నిలిచిపోయి, వాహనాల పొగను పైకి పోనివ్వదు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్న పెద్దవారితో వెళ్ళేటప్పుడు చీకటితో బయలుదేరకుండా, ఎండ పొడ వచ్చి మంచు విడిపోయాక రోడ్డుకు దూరంగా చెట్ల మధ్య నడవడం మేలు.