కుర్రాళ్ల నేరం, సినిమా మీద కేసు

2019 నవంబరులో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఒక మల్టీప్లెక్స్ దగ్గర టీనేజీ పిల్లలు కొట్టుకున్నారు. కొందరి దగ్గర కత్తులు దొరికాయి. ఆ థియేటర్ల సంస్థ వెంటనే ‘బ్లూ స్టోరీ’ అనే కొత్త సినిమాను దేశమంతటా తన తెరల మీద నుంచి తీసేసింది. దక్షిణ లండన్‌లో రెండు పేటల కుర్రాళ్ల మధ్య పగ దాని కథ. సినిమా ఆపమని తాము అడగలేదని పోలీసులు చెప్పారు. విమర్శలు గట్టిగా రావడంతో సుమారు వారానికి మళ్లీ వేశారు.

కుర్రాళ్లు కత్తి పట్టినప్పుడు ముందుగా సినిమాను బోనెక్కించడం నూరేళ్లు దాటిన అలవాటు. అమెరికాలోని షికాగో నగరం 1907లోనే ప్రతి సినిమాకూ పోలీసు అధికారి అనుమతి ఉండాలని చట్టం చేసింది. బందిపోట్ల సినిమాలకు అనుమతి ఇవ్వని కేసులో 1909లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు నగరం పక్షానే తీర్పిచ్చింది. చవక టికెట్‌కు పిల్లలు ఎగబడే చోట నేరం చూపించడం ప్రమాదమన్నది అప్పటి వాదన. ఇప్పటి వాదన కూడా దాదాపు అదే.

గ్యాంగ్‌స్టర్ సినిమాలు 1930ల మొదట్లో ఊపందుకోవడంతో ఈ భయానికి పరిశోధన తోడైంది. పెయిన్ ఫండ్ అనే సంస్థ డబ్బుతో సామాజిక శాస్త్రవేత్తలు పిల్లల మీద సినిమా ప్రభావాన్ని అధ్యయనం చేసి 1933లో పుస్తకాలు వేశారు. నేరాల సంగతి చూసిన హెర్బర్ట్ బ్లూమర్, ఫిలిప్ హౌసర్ తేల్చింది జాగ్రత్తగా చదవాల్సిన మాట: ఇల్లు, బడి, ఇరుగుపొరుగు ఎంత బలహీనంగా ఉంటే సినిమా పట్టు అంత ఎక్కువ. జనంలోకి వెళ్లింది మాత్రం సగమే. సినిమా చెడగొడుతుందన్న మాట నిలబడింది, ఇల్లూ బడీ ఎందుకు బలహీనపడ్డాయన్న ప్రశ్న జారిపోయింది.

హాలీవుడ్ తన నిర్మాణ నియమావళిని 1934 నుంచి కచ్చితంగా అమలు చేసింది. ప్రేక్షకుడి సానుభూతి నేరం వైపు పోకూడదు, తప్పు చేసినవాడికి శిక్ష పడాలి. ‘ఏంజెల్స్ విత్ డర్టీ ఫేసెస్’ (1938) ఈ నిబంధనను ఏకంగా కథలోకే తెచ్చుకుంది. అందులో ఒక గ్యాంగ్‌స్టర్ అంటే పేట కుర్రాళ్లకు పిచ్చి ఆరాధన. మరణశిక్షకు వెళ్తున్న అతణ్ని చిన్ననాటి స్నేహితుడైన ఫాదర్ ఒకటే అడుగుతాడు: పిరికివాడిలా ఏడుస్తూ చచ్చిపో, లేకపోతే వీళ్లంతా నీలాగే తయారవుతారు. అతను ఏడుస్తాడు. నటించాడా, నిజంగానే భయపడ్డాడా? సినిమా చెప్పదు. సెన్సారు కోరిన నీతి తెర మీద ఉంది, కానీ అది అబద్ధం మీద కట్టిన నీతేమో అన్న అనుమానం హాల్లో కూర్చున్నవాడికి మిగిలిపోతుంది. నిబంధనకు తలొగ్గుతూనే దాన్ని ఇంత తెలివిగా ఇరుకున పెట్టిన సినిమాలు అరుదు.

అయితే ఇక్కడ కుర్రాళ్లను మనం చూసేది పెద్దవాళ్ల భుజం మీద నుంచే. ఈ చరిత్రలో నాకు ముఖ్యమనిపించేది అదే. నేరం ఎంత చూపించారన్నది తర్వాత, సినిమా ఎవరి పక్కన నిలబడి చూస్తోందన్నది ముందు.

ఆ స్థానాన్ని గట్టిగా కదిలించింది 1950లో మెక్సికో సిటీ వీధుల మీద లూయీ బున్యుయెల్ తీసిన ‘లోస్ ఓల్విదాదోస్’. చేయని దొంగతనానికి ఒక పిల్లవాడు సంస్కరణ పాఠశాలకు వస్తాడు. అక్కడి అధికారి మంచివాడు. ఆ పిల్లవాణ్ని నమ్మి, చేతిలో డబ్బు పెట్టి బయటికి పంపుతాడు. గేటు దాటగానే పాత స్నేహితుడు ఆ డబ్బు లాక్కుంటాడు. ఒక మనిషి మంచితనంతో తీరే వ్యవహారం కాదని అంత చిన్న సన్నివేశంలో చెప్పేశాడు బున్యుయెల్. పేదవాళ్లు ఎలాగూ మంచివాళ్లే అన్న ఓదార్పు కూడా లేదు. ఇందులో పిల్లలు గుడ్డి బిచ్చగాణ్ని కొడతారు. దేశం పరువు తీశాడని మెక్సికోలో గొడవ చేశారు, కొద్ది రోజుల్లోనే సినిమా హాళ్ల నుంచి వెళ్లిపోయింది. 1951లో కాన్ (కేన్స్) చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చాకే సొంత ఊళ్లో మళ్లీ గౌరవం దక్కింది. ముందుజాగ్రత్తగా సుఖాంతం కూడా ఒకటి తీసి పెట్టుకున్నారు. ఆ రీలు దశాబ్దాల తర్వాత బయటపడింది.

అమెరికాలో 1955లో ఒకేసారి రెండు దారులు కనిపిస్తాయి. ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ నగర బడిలోని పిల్లలను టీచర్ కళ్లతో చూసింది. ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ మాత్రం డబ్బున్న ఇళ్ల పిల్లల దగ్గరికి వెళ్లి, లోపం తల్లిదండ్రుల్లో ఉందంది. పేద కుర్రాడు కత్తి పడితే అదుపు గురించి మాట్లాడతారు, కారున్న కుర్రాడు పడితే వాడి మనసు గురించి మాట్లాడతారు. ఈ తేడా ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ ఏడాదే సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ ఉపసంఘం బాలనేరాలపై సినిమాల ప్రభావం గురించి విచారణ జరిపింది. మరుసటి ఏడు జపాన్‌లో కలవారి కుర్రాళ్ల విశృంఖలత్వం మీద వచ్చిన ‘తైయోజోకు’ సినిమాలతో రగడ ముదిరి, అక్కడి సెన్సారు సంస్థనే మార్చాల్సి వచ్చింది.

తర్వాతి మలుపు నటుల్లో వచ్చింది. బ్రెజిల్‌లో దర్శకుడు హెక్టర్ బాబెంకో, నేరాల్లో చిక్కుకున్న వీధి పిల్లల కథ ‘పిషోట్’ కోసం పేదవాడల పిల్లలనే తీసుకున్నాడు. ప్రధాన పాత్ర చేసిన ఫెర్నాండో రామోస్ ద సిల్వా ఆ పేరుతో ప్రపంచమంతా తెలిశాడు, కానీ నటనలో నిలదొక్కుకోలేకపోయాడు. 1987లో పోలీసుల కాల్పుల్లో చనిపోయేనాటికి అతనికి 19 ఏళ్లు. మరుసటి ఏడాది వచ్చిన ‘సలాం బాంబే’లోనూ వీధి పిల్లలే నటించారు. దర్శకురాలు మీరా నాయర్ వాళ్లలాంటి పిల్లల కోసం సలాం బాలక్ ట్రస్ట్ ఏర్పాటుకు పూనుకున్నారు. నిజమైన ముఖాలు కావాలనుకున్న సినిమా, షూటింగ్ అయ్యాక ఆ ముఖాలకు ఏం బాకీ పడుతుందన్న ప్రశ్న అక్కణ్నుంచి వదలలేదు.

1990లలో పేటలు తెలిసిన కుర్ర దర్శకులు వచ్చారు. లాస్ ఏంజెలెస్ కుర్రాళ్లపై ‘బాయ్జ్ ఎన్ ద హుడ్’ (1991) తీసిన జాన్ సింగిల్టన్, ఆస్కార్ ఉత్తమ దర్శకుడి నామినేషన్ అందుకున్న మొదటి నల్లజాతీయుడు. అప్పటికి 24 ఏళ్లు. హింస వద్దని చెప్పే ఆ సినిమా విడుదల రోజున కొన్ని థియేటర్ల దగ్గర కాల్పులు జరిగాయి. పత్రికలకు అవే పెద్ద వార్త. ఫ్రాన్స్‌లో మాథ్యూ కాసోవిట్జ్ ‘లా హేన్’ (1995)కు ప్రేరణ 1993లో పోలీసు కస్టడీలో ఒక కుర్రాడు కాల్పులకు బలి కావడం. ప్రధాని అలెన్ జుప్పే తన మంత్రులకు ప్రత్యేకంగా ఆ సినిమా వేయించారు.

రియో మురికివాడల మీద వచ్చిన ‘సిటీ ఆఫ్ గాడ్’ (2002) వేగం, హంగు చూసి ప్రపంచం ముచ్చటపడింది. అదే వాడకు చెందిన రాపర్ ఎం.వి. బిల్ మాత్రం, తమ పిల్లల మీద ముద్ర ఇంకా గట్టిగా పడిందని, వాడకు ఒరిగిందేమీ లేదని బహిరంగంగానే నిలదీశాడు. సినిమా అంటే నాకు ఇష్టమే అయినా ఈ ఫిర్యాదును కొట్టిపారేయలేను.

పారిస్ శివార్లలోని మోన్‌ఫెర్మేలో పెరిగిన లాజ్ లీ చాలాకాలం తన పేటలో పోలీసుల తీరును సొంత కెమెరాతో చిత్రీకరించాడు. 2018లో అక్కడే ఉచిత సినిమా బడి తెరిచాడు. కానీ మరుసటి ఏడాది కాన్‌లో జ్యూరీ బహుమతి పంచుకున్న తన ‘లే మిజరాబ్ల్’లో కెమెరాను పేట కుర్రాళ్ల దగ్గర మాత్రమే ఉంచలేదు. కథలో చాలా భాగం గస్తీ తిరిగే ముగ్గురు పోలీసుల కారులో కూర్చునే చూస్తాం.