నీమో సరే, అనిమోన్ సంగతేంటి?

నారింజ రంగు ఒంటి మీద తెల్ల చారలున్న, 'ఫైండింగ్ నీమో' సినిమాలోని చేపని చూపించి "నీమో కావాలి" అని మారాం చేసే పిల్లలు ఏ ఆక్వేరియం షాపులోనైనా కనిపిస్తారు. కొనేటప్పుడు పెద్దవాళ్లకి ఇంకో ఆలోచన వస్తుంది. ఎలాగూ ఆ చేపని, అంటే క్లౌన్‌ఫిష్‌ని తీసుకుంటున్నాం, అది ఉండే అనిమోన్‌ని కూడా తీసుకుంటే తొట్టెకి నిండుదనం వస్తుంది కదా అని. చూడ్డానికి అనిమోన్ పువ్వులా ఉంటుంది గానీ, అది జంతువు. నోరుంది, రాయిని పట్టుకునే పాదముంది, కుట్టే ఆయుధాలున్నాయి. చాలా ఉప్పునీటి తొట్లు దెబ్బతినేది సరిగ్గా ఈ రెండో కొనుగోలు దగ్గరే.

ఇంటి తొట్టెలో క్లౌన్‌ఫిష్‌కి అనిమోన్ అక్కర్లేదు. సముద్రంలోనైతే అది లేకుండా గడవదు. క్లౌన్‌ఫిష్ పెద్ద ఈతగత్తె కాదు, ఆశ్రయం వదిలి బయటికొస్తే ఏదో ఒక పెద్ద చేప మింగేస్తుంది. తొట్టెలో ఆ భయం లేదు. గుళికల మేత తింటూ ఏళ్ల తరబడి హాయిగా బతుకుతుంది, గుడ్లు కూడా పెడుతుంది. అంటే అనిమోన్‌ని తేవడం చేప కోసం కాదు, మన కళ్ల కోసం. అలాంటప్పుడు తొట్టెని అనిమోన్ అవసరాలకి తగ్గట్టు సిద్ధం చేయాలి. చేప ఎలాగూ సర్దుకుంటుంది.

ఈ జంటని శాస్త్రలోకానికి పరిచయం చేసింది బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్. చైనా సముద్రంలో భారీ అనిమోన్లనీ, వాటి లోపల తిరిగే చేపల్నీ చూశానని 1868లో రాశాడు. సీ అనిమోన్లలో వెయ్యికి పైగా జాతులుంటే, క్లౌన్‌ఫిష్‌లకి చోటిచ్చేవి పదే పది. క్లౌన్‌ఫిష్ జాతులు సుమారు ముప్పై. ఇవన్నీ హిందూ మహాసముద్రం, పసిఫిక్ ప్రాంతాలవే, అట్లాంటిక్‌లో ఒక్కటీ లేదు. మన దేశంలో అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖల్లో కనిపిస్తాయి. విశాఖలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల గుంటల్లో బయటపడే చిన్న చిన్న అనిమోన్లలో నీమో కోసం వెతికితే మాత్రం దొరకదు.

అనిమోన్ స్పర్శకాల నిండా, అంటే నోటి చుట్టూ వేళ్లలా ఊగే తంతువుల నిండా, దంశకణాలనే కుట్టే కణాలుంటాయి. ఒక్కో కణంలో చుట్ట చుట్టిన సన్నని గొట్టం బిగించి ఉంటుంది. చేపో రొయ్యో తగిలితే, ఆ స్పర్శకి తోడు ఒంటి మీది రసాయనాల ఆచూకీ కూడా అందితే, మిల్లీసెకన్లలో ఆ గొట్టం బయటికి దూసుకొచ్చి విషం ఎక్కిస్తుంది. మరి క్లౌన్‌ఫిష్‌ని ఎందుకు వదిలేస్తుంది? దాని ఒంటి జిగురులో ఏదో మర్మం ఉందని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. కొన్ని జాతుల చేపల్ని అనిమోన్ నుంచి కొన్నాళ్లు విడదీసి మళ్లీ కలిపితే మొదట్లో అది కుట్టడం, మెల్లగా తాకుతూ పోతే మళ్లీ ఊరుకోవడం ప్రయోగాల్లో చూశారు. అనిమోన్ జిగురుని చేప తన ఒంటికి పూసుకుంటుందనే వాదం అలా పుట్టింది. ఇటీవల ఇంకో ఆధారం దొరికింది. చేపల జిగురులో మామూలుగా ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థం దంశకణాల్ని రెచ్చగొడుతుంది. జపాన్‌లోని ఒకినావా పరిశోధకులు 2025లో చెప్పినదాని ప్రకారం క్లౌన్‌ఫిష్ జిగురులో అది చాలా తక్కువ. అంతకన్నా నాకు నచ్చిన విషయం ఇంకోటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలో ఈ రక్షణ ఉండదు. రూపం మారి, తెల్ల చారలు వచ్చి, అనిమోన్‌లో చేరే వయసుకి సియాలిక్ ఆమ్లం తగ్గుతుంది.

ఇక తొట్టె దగ్గరికొద్దాం. ఇక్కడ జాతులు కలవడం కూడా పెళ్లి సంబంధం లాంటిదే, ఎవరికి ఎవరైనా సరిపోరు. షాపుల్లో ఎక్కువగా దొరికే ఒసెల్లారిస్ క్లౌన్‌ఫిష్ సముద్రంలో మాగ్నిఫికా, జైగాంటియా, మెర్టెన్సీ అనే మూడు రకాల అనిమోన్లలో ఉంటుంది. ఆ మూడింటినీ ఇంట్లో బతికించడం కష్టమే. కాస్త తేలిగ్గా బతికేది బబుల్ టిప్ అనిమోన్. స్పర్శకాల చివర్లు బుడగల్లా ఉబ్బి ఉంటాయి కాబట్టి ఆ పేరు. టొమాటో, మెరూన్ క్లౌన్‌ఫిష్‌లకి ఇది సహజమైన చోటు. ఒసెల్లారిస్‌కి కాదు. అయినా తొట్టెల్లో చాలాసార్లు ఒప్పుకుంటుంది. ఒక్కోసారి అదే రోజు చేరిపోతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఒక్కోసారి అనిమోన్ని పట్టించుకోకుండా పంపు మూలనే కాపురం పెడుతుంది. కార్పెట్ అనిమోన్లు అందంగా ఉంటాయని తెచ్చేవాళ్లున్నారు. వాటిలో హడ్డోనీ అనే రకం తొట్టెలోని మిగతా చేపల్ని పట్టుకు తినేయడంలో పేరు మోసింది.

అనిమోన్‌కి కావలసినవాటిలో డబ్బుతో కొనలేనిది ఒక్కటే, కాలం. తొట్టె పెట్టాక కనీసం ఆరు నెలలు ఆగమని అనుభవజ్ఞులు చెబుతారు. చేప మలమూత్రాల నుంచి అమ్మోనియా పుడుతుంది, ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. భీమవరం వైపు రొయ్యల రైతులకి ఈ లెక్కలేవీ కొత్త కాదు. చెరువు నీళ్లలో అమ్మోనియా ఎంత, సాలినిటీ (ఉప్పదనం) ఎంత అని వాళ్లు ఎప్పుడూ చూసుకుంటూనే ఉంటారు. తేడా ఏంటంటే, ఎకరాల చెరువులో మెల్లగా వచ్చే మార్పు వంద లీటర్ల తొట్టెలో ఒక్క పూటలో వచ్చేస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి చేరాక చేప తట్టుకుంటుంది. అనిమోన్‌కి అది చాలదు. ఉప్పు, క్షారత, వేడి నెలల తరబడి ఒకే తీరున నిలవాలి.

ఉప్పు దగ్గర పొదుపు పనికిరాదు. కల్లుప్పు అనండి, దొడ్డుప్పు అనండి, అది దాదాపు సోడియం క్లోరైడే. సముద్రపు లవణాల్లో అది సుమారు 85 శాతం, మిగతాది మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం వగైరా. అందుకే ఆక్వేరియం కోసం తయారుచేసిన సీ సాల్ట్ మిక్స్‌ని ఆర్వో డీఐ యూనిట్‌లో, అంటే నీటిలో కరిగిన లవణాల్ని తీసేసే యంత్రంలో వడగట్టిన నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల చొప్పున కలుపుతారు. బోరు నీళ్లు వద్దే వద్దు. నీళ్లు ఆవిరై మట్టం తగ్గినప్పుడు మళ్లీ ఉప్పునీళ్లు పోయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది. ఉప్పు కలపని ఆ ఆర్వో నీళ్లే పోయాలి.

వేడి ఇంకో బెంగ. అనిమోన్‌కి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో గదిలోనే అంతకు మించి ఉంటుంది. నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అది చాలకపోతే నీటిని చల్లబరిచే 'చిల్లర్' యంత్రమే గతి. దాని ఖరీదు చాలాసార్లు తొట్టె ఖరీదుని దాటుతుంది. కరెంటు పోతే నడవడానికి బ్యాటరీ ఎయిర్ పంపు కూడా ఉండాలి. లైటు సంగతి సరేసరి. అనిమోన్ కణాల్లో జూజాంతెల్లే అనే శైవలాలు (నాచు లాంటి సూక్ష్మజీవులు) కాపురముండి, వెలుతురుతో ఆహారం తయారుచేసి దానికి పెడతాయి. మామూలు ఆక్వేరియం బల్బు కింద అనిమోన్ నెలల పాటు ఆకలితో కుంగిపోతుంది.

షాపులో తెల్లగా మెరిసిపోయే అనిమోన్‌ని చూసి ముచ్చటపడొద్దు. శైవలాలు పోయి పాలిపోయిన జీవి అది. ముదురు పసుపో, గులాబీయో చూసినా అనుమానించాలి, రంగు ఎక్కించి అమ్మడం కూడా ఉంది. నోరు బిగుసుకుని ఉందా, స్పర్శకాలు వేలికి అంటుకుంటున్నాయా, పాదం చిరిగిపోలేదు కదా అని చూసుకోవాలి.

ఇంటికొచ్చాక తొట్టె నీటిని సన్నని పైపుతో చుక్కచుక్కగా అనిమోన్ వచ్చిన సంచిలోని నీళ్లలోకి వదులుతూ గంటసేపు అలవాటు చేయాలి. తర్వాత పంపులు ఆపేసి, రాయి పగులులోకి పాదం వెళ్లేలా పెట్టి చేయి తీసేయాలి. మొదట్లో అది పిడికెడంత ముడుచుకుపోతుంది, నోట్లోంచి గోధుమరంగు తీగలాంటిది కక్కుతుంది. చూస్తే టెన్షన్ పుడుతుంది గానీ అది మామూలే. కాసేపటికి పాదం రాయికి అతుక్కుంటుంది. నచ్చకపోతే రాత్రికి రాత్రే ఇంకో మూలకి నడిచిపోతుంది. ఆ నడకలో పంపులో పడి ముక్కలైపోయే ప్రమాదముంది, అందుకే పంపు మూతికి స్పాంజో జాలీయో ముందే కట్టాలి. నోరు తెరుచుకుని వేలాడుతూ కుళ్లు వాసన వస్తే మాత్రం క్షణం ఆగకుండా తీసేయాలి. చనిపోయిన అనిమోన్ కరిగిపోతూ వదిలే అమ్మోనియా తొట్టెలోని జీవులన్నిటినీ తీసుకుపోగలదు.

కుదురుకున్నాక చేప వంతు. ముందు దూరం నుంచి చుట్టూ తిరుగుతుంది. తోక చివరతో ఒక స్పర్శకాన్ని తాకి ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. మళ్లీ వస్తుంది, ఈసారి పొట్ట కింది రెక్కలు ఆనిస్తుంది. మళ్లీ వెనక్కి. ఇలా చాలాసేపు సాగుతుంది. చివరికి ఒంటిని పూర్తిగా పొర్లించి, స్పర్శకాల మధ్య మాయమై, తల మాత్రం బయటపెట్టి చూస్తుంది. మనం వలతో నెట్టి కలపడానికి చూస్తే చెడగొట్టినట్టే. ఇంకో మాట, విప్పారిన అనిమోన్ వెడల్పు చేప పొడవుకి రెండు మూడు రెట్లయినా ఉండాలి. చిన్నదైతే చేప పొర్లాట తట్టుకోలేక ముడుచుకునే ఉంటుంది.

కలిశాక లాభం ఒకవైపే కాదు. చేప విసర్జించే అమ్మోనియా అనిమోన్ లోపలి శైవలాలకి ఎరువు. రాత్రిపూట చేప స్పర్శకాల మధ్య కదులుతూ ఆక్సిజన్‌ ఉన్న నీటిని లోపలికి నెడుతుందని 2013లో ప్రచురించిన పరిశోధన చూపించింది. సముద్రంలో అనిమోన్‌ని కొరకడానికి వచ్చే సీతాకోక చేపల్ని క్లౌన్‌ఫిష్‌లే తరిమేస్తాయి.

క్లౌన్‌ఫిష్‌ని సముద్రం నుంచి పట్టుకురావలసిన అవసరమే లేదు. తమిళనాడులోని మండపం కేంద్రంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఒసెల్లారిస్ సహా కొన్ని రకాల్ని హేచరీలో పుట్టించి పెంచారు. చిన్నవి రెండు కలిపి తెస్తే చాలు, పెద్దది ఆడదవుతుంది, రెండోది మగదిగా ఉంటుంది. అనిమోన్ కథ అంత సులువు కాదు. స్కాట్లండ్‌లో జాన్ డాలీయెల్ 1828లో సముద్రం నుంచి తెచ్చిన అనిమోన్, అది వేరే జాతి లెండి, చేతులు మారుతూ 1887 దాకా ఒక జాడీలో బతికింది. ఇంత దీర్ఘాయుష్షున్న జీవిని పగడపు దిబ్బ నుంచి పెకలిస్తే ఆ ఖాళీ ఎప్పటికి నిండుతుంది? ఫిలిప్పీన్స్‌లోని సెబు ప్రాంతంలో, ఆక్వేరియం వ్యాపారం కోసం పట్టే చోట్ల అనిమోన్లూ క్లౌన్‌ఫిష్‌లూ రెండూ పలచబడ్డాయని 2005లో తేల్చారు. అదృష్టవశాత్తూ బబుల్ టిప్ తొట్టెలో తనంతట తానే రెండుగా చీలుతుంది. అనిమోన్ పెంచేవాళ్లెవరైనా తెలిస్తే అలా విడివడిన పిల్లని అడిగి తెచ్చుకోండి. తొట్టె నీళ్లలో, లైటు కింద పుట్టిందే కాబట్టి సముద్రం నుంచి ప్రయాణం చేసి అలిసొచ్చినదాని కన్నా బతికే అవకాశం ఎక్కువ.