బడి ఎవరి కోసం? ఒడిశా సరిహద్దు తెలుగువారి చదువుల వెనుక కథ

మహేంద్రతనయ నదికి ఒక ఒడ్డున ఒడిశాలోని పర్లాకిమిడి, ఇంకో ఒడ్డున ఆంధ్రలోని పాతపట్నం. రెండు చోట్లా బజారులో వినిపించే తెలుగు ఒకటే. అయితే పాతపట్నం పిల్లాడు బడిలో తెలుగు అక్షరాలు దిద్దితే, పర్లాకిమిడి పిల్లాడు చాలావరకు ఒడియా అక్షరాలు దిద్దుతాడు. ఇంటికి తెలుగు శుభలేఖ వస్తే నాయనమ్మ చదివి వినిపించాలి. మనవడికి ప్రతి మాటా అర్థమవుతుంది, చదవడం మాత్రం రాదు. బరంపురంలో, గుణుపురంలో, రాయగడలో, గోపాల్‌పూర్ తీరంలోని మత్స్యకారుల పేటల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో. తెలుగు బడులు నీరసించిపోతున్నాయన్న మాట వచ్చినప్పుడల్లా 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దు మీదకే వేలు చూపిస్తాం. కానీ చిక్కు అంతకు ముందే పడింది.

పాత వీధిబడి ఊరి పనుల కోసం పుట్టింది. అరుగు మీద కూర్చోబెట్టి, ఇసుకలో అక్షరాలు దిద్దించి, ఎక్కాలు, శతక పద్యాలు వల్లె వేయించేవారు. కరణం లెక్కకు, దుకాణం పద్దుకు, పురాణం చదవడానికి ఆ చదువు సరిపోయేది. ఆడపిల్లలకు, అణగారిన కులాలకు ఆ అరుగు దాదాపు అందనేలేదు, కాబట్టి దాన్ని స్వర్ణయుగం అనలేం. 1854లో బ్రిటిష్ పాలకుల విద్యా విధానాన్ని నిర్దేశించిన ఉడ్ విద్యా పత్రంతో చదువుకు ఇంకో లక్ష్యం గట్టిపడింది: సర్కారుకు నమ్మకమైన ఉద్యోగులు కావాలి. అక్కణ్ణుంచి కచేరీ, అంటే సర్కారు ఆఫీసు, భాష ఏదో బడి భాషా అదే అన్న ధోరణి బలపడింది.

పర్లాకిమిడి, బరంపురం ఉన్న గంజాం ప్రాంతం అప్పుడు బ్రిటిష్‌వారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కచేరీల్లో, బడుల్లో తెలుగుదే పైచేయి. ఒడియా పిల్లలు తమది కాని భాషలో చదువుకోవాల్సి వచ్చిందని అక్కడివాళ్లు మొరపెట్టుకున్నారు. ఒడియా ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలని 1903లో మొదలైన ఉత్కళ సమ్మిళని సంస్థకు ఈ బాధే పెద్ద ఊపిరి. ఇవాళ మనం చెప్పుకుంటున్న కష్టం ఆనాడు వాళ్లది. ఈ సంగతి మనవాళ్లు ఒప్పుకొని తీరాలి.

ఆ రోజుల్లోనే బడి గురించి పూర్తిగా వేరే విధంగా ఆలోచించిన మనిషి పర్లాకిమిడిలో ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి 1880లో రాజావారి బడిలో పంతులుగా చేరారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది సవరలనే గిరిజనుల కోసం పడ్డ శ్రమ. కొండ దిగి వచ్చే సవరలకు తెలుగూ ఒడియా రెండూ పరాయివే. రామమూర్తి పంతులు సవర మనిషిని ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడి నడిపారు, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే పాఠం చెప్పించారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. కచేరీలో చోటే లేని భాషకు ఒక పంతులు ఇంత చేశారంటే, చదువు మొదట పిల్లాడికి అర్థం కావాలన్న పట్టుదల తప్ప వేరే కారణం లేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులో కలిసింది. ఆ కలయికను వ్యతిరేకించిన గిడుగు ఊరు వదిలి రాజమండ్రి చేరారు. కచేరీలో ఒడియా వచ్చింది, బడీ దాని వెంటే నడిచింది. పెత్తనం చేతులు మారింది, పద్ధతి మారలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక దీన్ని సరిదిద్దాలని చూశారు. బడిలో 40 మంది గానీ, తరగతిలో 10 మంది గానీ ఒక భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే టీచరును ఇవ్వాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది: భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతి కల్పించాలి. దాని పక్కనే 350-బి కింద, భాషా అల్పసంఖ్యాకుల రక్షణలు అమలవుతున్నాయో లేదో చూడడానికి ఒక ప్రత్యేకాధికారిని పెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంత వరకు మాతృభాషే ఉండాలంటుంది. ఒడిశా ప్రభుత్వమే 2006-07 ప్రాంతంలో సవర, కోయ, కువి లాంటి గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. గిడుగు చేసి చూపిన పనికి అలా సర్కారు ముద్ర పడింది, చాలా ఆలస్యంగానైనా.

మరి తెలుగు బడికి పిల్లలెందుకు తగ్గుతున్నారు? తల్లిదండ్రులను తప్పుపట్టలేం. ఒడిశాలో కొలువు కావాలంటే ఒడియా రావాలి, పై చదువుకు ఇంగ్లిషు రావాలి. ఒడియా నేర్వొద్దని ఇక్కడి తెలుగువాళ్లు ఎవరూ అనరు, అనకూడదు కూడా. మొదటి రెండు మూడేళ్లు ఇంటి భాషలో చదవడం, రాయడం పట్టుబడితే రెండో లిపి అందుకోవడం తేలిక. ఆ రెండు మూడేళ్ల కోసమే ఈ తాపత్రయమంతా.

అసలు మెలిక ఆ పదిమంది లెక్కలో ఉంది. తెలుగు టీచరు రిటైరైతే ఆ ఖాళీ నిండదు. వాచకాలు వేళకు రావు. ఒక ఏడాది చూసి, రెండో ఏడాది చూసి, తల్లి తన బిడ్డను ఒడియా బడిలోనో కాన్వెంటులోనో వేస్తుంది. అప్పుడు తెలుగు కోరే పిల్లలు పదిమంది లేరని పోస్టే ఎత్తేస్తారు. అందుకే ముందు టీచరును వేసి, వాచకాలు జూన్‌లోనే చేర్చి, ఆ తర్వాత రెండేళ్లు ఆగి పిల్లల పేర్లు లెక్కపెట్టాలి. హాజరుపట్టీ చూసి కాదు, ఇళ్లకు వెళ్లి ఏ భాష మాట్లాడతారో అడిగి లెక్కపెట్టాలి.