ఉప్పుగాలి తిన్న లేజర్

మా అక్కావాళ్ళది లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు. బాల్కనీ గ్రిల్‌కి ఎన్నిసార్లు పెయింట్ వేయించినా తుప్పు ఆగదు. ఆ బాల్కనీని ఆనుకున్న గదిలోనే మా మేనల్లుడు చిన్న లేజర్ మెషిన్ పెట్టుకున్నాడు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర ముక్కలు తెచ్చుకుని, వాటి మీద పేర్లు కాల్చి కీచైన్లు చేస్తుంటాడు. శ్రావణమాసంలో ఓ సాయంత్రం ఫోన్ చేశాడు. "మావయ్యా, ఫ్యాన్ తిరుగుతోంది గానీ లైట్ రావట్లేదు. మీటర్ పెట్టి చూశాను, వెలుగునిచ్చే డయోడ్ పోయింది."

వెళ్ళి చూస్తే వాడు మల్టీమీటర్ని డయోడ్ టెస్ట్‌లో పెట్టి చూశాడట. ఓపెన్, అంటే కరెంటు పోయే దారే లేదని చూపించిందట. అక్కడే పొరబడ్డాడు. అది 450 నానోమీటర్ల నీలి కాంతినిచ్చే డయోడ్. ఆ రంగులో ఒక్కో ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి దాదాపు 2.75 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే దాని కొసల మధ్య కనీసం అంత వోల్టేజీ ఉంటే గాని అది కరెంటును సరిగా పోనివ్వదు. పూర్తి స్థాయిలో పనిచేసేటప్పుడైతే నాలుగు వోల్టులు దాటుతుంది. మామూలు మీటర్లు చాలావాటిలో డయోడ్ టెస్ట్‌కిచ్చే వోల్టేజీ మూడుకు అటూఇటూ ఉంటుంది. కాబట్టి నిక్షేపంలాంటి నీలి డయోడ్‌ని కూడా మీటర్ ఒక్కోసారి చచ్చిందనే చెబుతుంది. ఎర్ర లేజర్ డయోడ్‌కి రెండుంబావు వోల్టులు చాలు గనక దానితో ఈ పేచీ రాదు.

ఇక డ్రైవర్, అంటే డయోడ్‌కి కరెంటును కొలిచి అందించే బోర్డు సంగతి. లేజర్ డయోడ్‌ని బల్బులా నేరుగా అడాప్టర్‌కి తగిలిస్తే బతకదు. వోల్టేజీ పిసరంత పెరిగితే దానిలో కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పొయ్యి మీద పాలు గుర్తు తెచ్చుకోండి. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత ఉన్నట్టుండి పైకి లేస్తాయి, చూపు తిప్పామా పొయ్యి పాలు. డయోడ్ కూడా ఒక గడప కరెంటు దాకా మామూలు ఎల్‌ఈడీలా మినుకుమంటుంది. గడప దాటగానే లేజర్ అవుతుంది, అక్కడి నుంచి కరెంటు పెంచిన కొద్దీ వెలుగు నిటారుగా పెరుగుతుంది. హద్దు మీరితే మాత్రం పని అయిపోయినట్టే. ఆ కాంతి అంతా తల వెంట్రుకకన్నా సన్నని పెదవిలాంటి అంచు నుంచి బయటికి రావాలి. ఐదు వాట్ల డయోడ్‌లో ఆ అంచు దగ్గర తీవ్రత చదరపు సెంటీమీటరుకు కోటి వాట్ల స్థాయిలో ఉంటుంది. కరెంటు ఒక్క క్షణం ఎగిరినా అంచు కరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత కరెంటిచ్చినా నీరసంగా నీలంగా మెరుస్తుందే తప్ప కర్రని కాల్చలేదు.

పొయ్యి దగ్గర చూపు తిప్పకుండా నిలబడే మనిషే డ్రైవర్. ఈ మెషిన్‌లో 12 వోల్టుల్ని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకి లక్షల సార్లు ముక్కలు చేస్తుంది, ఒక కాయిల్ ఆ ముక్కల్ని సాపు చేస్తుంది. దారిలో ఉన్న చిన్న రెసిస్టర్ మీద పడే వోల్టేజీని చూసి చిప్ కరెంటును సరిదిద్దుకుంటూ ఉంటుంది. చిన్న ఎర్ర లేజర్లకి చాలామంది ఎల్ఎం317 అనే పాత చిప్‌తో సరిపెడతారు. 1.25ని రెసిస్టర్ విలువతో భాగిస్తే కరెంటు వచ్చేస్తుంది, అంత తేలిక. ఇక్కడ అది పనికిరాదు. దాని హద్దే 1.5 ఆంపియర్లు. అది భరించినా, 12 వోల్టుల నుంచి ఈ డయోడ్‌కి కావలసిన నాలుగున్నరకి 3 ఆంపియర్లతో దిగాలంటే 22 వాట్లకి పైగా ఊరికే వేడైపోతుంది.

డ్రైవర్‌ని పరీక్షించేటప్పుడు డయోడ్ దానికి తగిలి ఉండకూడదు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ళ కిందట పవర్ ఆన్‌లో ఉండగానే డయోడ్ వైర్లు తగిలించాను. డయోడ్ తగిలి లేనప్పుడు డ్రైవర్ కరెంటు కోసం వెతుక్కుంటూ తన వోల్టేజీని 12 దాకా పెంచుకుని కూర్చుంటుంది. చివరనున్న కెపాసిటర్ (ఛార్జిని దాచుకునే భాగం) నిండా ఛార్జి. వైరు తాకగానే అదంతా ఒక్కసారిగా డయోడ్‌లోకి దూకింది. చిన్న టిక్కుమన్న శబ్దం, అంతే. పవర్ తీశాక కూడా కాసేపు కెపాసిటర్లో ఛార్జి ఉంటుంది, దాన్ని రెసిస్టర్‌తో ఖాళీ చేశాకే డయోడ్ జోలికి పోవాలి.

అందుకే ఈసారి డయోడ్ వైర్లు విప్పి, రెండు కాళ్ళనీ సన్నని రాగి తీగతో కలిపి చుట్టాను, స్టాటిక్ కొట్టకుండా. దాని స్థానంలో 1ఎన్5408 అనే మామూలు డయోడ్లు ఐదు వరసగా, వాటితో పాటు 0.1 ఓం రెసిస్టర్. ఇది ఉత్తుత్తి లేజర్. 3 ఆంపియర్లు పోతే రెసిస్టర్ మీద 0.3 వోల్టు కనబడాలి. కనబడింది సున్నా. డ్రైవర్ బోర్డుకి 12 వోల్టులు మాత్రం అందుతున్నాయి.

భూతద్దం పెడితే కాయిల్ కాలి చుట్టూ ఆకుపచ్చ చిలుం. సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు కణాలుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తనంతట తానే నీరు పట్టి ద్రవమవుతుంది. వానాకాలం వైజాగ్‌లో ఆ హద్దు దాటని రోజుని వెతుక్కోవాలి. పైగా డయోడ్‌ని చల్లబరచాలని పెట్టిన ఫ్యానే ఆ గాలిని లాగి సరాసరి బోర్డు మీదికి కొడుతోంది.

ఇలాంటప్పుడు అందరూ స్పిరిట్ లాంటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేస్తారు. ఉప్పు అందులో పెద్దగా కరగదు. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో పాత టూత్ బ్రష్ పెట్టి కడిగి, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తడి లాగేశాను. చిలుం పట్టిన అతుకుకి మళ్ళీ సోల్డరింగ్ చేస్తే కరెంటు వచ్చింది. కానీ కుదురుగా లేదు. కరెంటు సెట్ చేసే చిన్న ప్రీసెట్‌ని పెన్నుతో తడితే 2.8 నుంచి 3.6కి గెంతుతోంది. దాని లోపలి పలక కూడా తుప్పు తినేసింది. "వచ్చేసింది కదా మావయ్యా, పెట్టేద్దాం" అన్నాడు మేనల్లుడు. అసలు పని చెయ్యని బోర్డుతో డయోడ్‌కి ముప్పు లేదు. ఎప్పుడు గెంతుతుందో తెలియని బోర్డుతోనే ముప్పు. పక్కన పెట్టించాను.

కొత్త డ్రైవర్ కొనేటప్పుడు "ఐదు వాట్లకి" అని అడిగితే కుదరదు. ఎన్ని ఆంపియర్లు, ఎన్ని వోల్టులు అని అడగాలి. మెషిన్ పంపే ఆన్-ఆఫ్ సిగ్నల్‌ని అది ఎలా తీసుకుంటుందో కూడా చూడాలి. కొన్ని బోర్డులు సిగ్నల్ వైరు ఊడిపోతే ఆగిపోతాయి, కొన్ని పూర్తి పవర్‌తో వెలుగుతాయి. రెండో రకం ఇంట్లో వద్దు. 500 మిల్లీవాట్లు దాటిన ఇలాంటి మూత లేని లేజర్ క్లాస్ 4 కిందికి, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి కిందికి వస్తుంది. నేరుగా పడక్కర్లేదు, గోడ మీద పడి చెదిరిన వెలుగు కూడా కంటికి ప్రమాదమే. కళ్ళజోడు మీద 450 నానోమీటర్లు కలిసే పరిధి రాసి ఉండాలి. చలవ కళ్ళద్దాలు దీనికి చాలవు.

కొత్త బోర్డుని ముందు ఉత్తుత్తి లేజర్ మీద అరగంట ఆడించాను, మధ్యమధ్యలో చల్లారనిస్తూ. తర్వాత కెపాసిటర్ ఖాళీ చేసి, డయోడ్ తగిలించి, కళ్ళజోళ్ళు పెట్టుకుని, తలుపేసి, తక్కువ కరెంటుతో మొదలుపెట్టాం. ముందు మసక నీలం. కరెంటు ఇంకాస్త పెంచగానే కింద పెట్టిన అంకుడు ముక్క మీద చుక్క పదునెక్కి, సన్నగా పొగ లేచింది. డయోడ్ బతికే ఉంది.

కరెంటు 2.5 ఆంపియర్ల దగ్గర ఆపేశాను. బోర్డుకి వార్నిష్ లాంటి పూత వేసి, మెషిన్‌ని బాల్కనీ గది నుంచి వీధివైపు గదిలోకి మార్పించాను. ఇప్పుడు ఒక్కో కీచైన్‌కి ఎక్కువసేపు పడుతోందని వాడి సణుగుడు, కర్ర కాలిన వాసన హాల్లోకి వస్తోందని మా అక్క సణుగుడు.