మాడిన గింజల సాక్ష్యం

బళ్ళారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం, పాలమూరు ప్రాంతాల్లో అక్కడక్కడ పాతకాలపు బూడిద దిబ్బలు కనిపిస్తాయి. పొలాల మధ్య చిన్న గుట్టల్లా ఉండే ఈ దిబ్బలను రాక్షసుల చితాభస్మమని పూర్వం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పుకునేవారు. ఇది కాలిన పశువుల పేడ అని తొలినాళ్ళలోనే గ్రహించినవాడు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్. 1957లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ తవ్వించినప్పుడు, బూడిద పొరల మధ్య ఎద్దుల గిట్టల ముద్రలు, చుట్టూ దడి కట్టిన గుంజల గుంటలు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన ఆ దిబ్బ ఒకనాటి పశువుల దొడ్డి అని, అందులో పేరుకున్న పేడను అప్పుడప్పుడు తగలబెట్టి, మళ్ళీ అక్కడే దడి కట్టుకునేవారని అలా తేలింది.

దొడ్లు దొరికాయి, ఎముకలు దొరికాయి. కర్ణాటకలోని బూదిహాళ్‌లో కె. పద్దయ్య జరిపిన తవ్వకాల్లో పశువులను కోసి మాంసం తీసిన చోటు కూడా బయటపడింది. దాంతో దక్కన్ నవీన శిలాయుగపు మనుషులు ముఖ్యంగా పశుపాలకులన్న చిత్రం స్థిరపడింది. ఆ చిత్రం తప్పు కాదు గాని, అందులో సగం భోజనమే ఉందని నా అభిప్రాయం. ఎముక కంటికి ఆనుతుంది, పలుగు తగిలితే ఆగుతుంది. మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉండే చిరుధాన్యపు గింజ మామూలు జల్లెడలోంచి మట్టితోపాటు జారిపోతుంది. వాళ్ళ కంచంలోని ధాన్యం ఏమిటన్న ప్రశ్నకు సరైన జవాబు రావడానికి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ఆగవలసి వచ్చింది.

ఆ జవాబును మనకు దాచిపెట్టింది నిప్పు. మన నేలలో పడిన గింజ మొలకెత్తుతుంది, లేదా కుళ్ళిపోతుంది, లేదా పురుగుల పాలవుతుంది. పొయ్యి అంచున జారిపడి, గాలి సరిగా తగలక, పూర్తిగా కాలకుండా మాడిపోయిన గింజ మాత్రం బొగ్గుగా మారుతుంది. బొగ్గులో సూక్ష్మజీవులకు తినడానికేమీ ఉండదు కాబట్టి అది రూపం చెడకుండా వేల ఏళ్ళు మట్టిలో ఉండగలదు. దాన్ని బయటికి తీసే పద్ధతి, బియ్యం కడిగినప్పుడు తాలు పైకి తేలడం చూసిన ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. పొయ్యిల దగ్గరి మట్టిని, చెత్తగుంటల మట్టిని నీటిలో కలిపి కదిలిస్తే మన్ను అడుగుకు చేరుతుంది, తేలికైన బొగ్గు గింజలు పైకి తేలతాయి. వాటిని సన్నని వలలోకి వంచి, నీడలో ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా వేరు చేస్తారు. ఇది చాలా ఓపికతో చేయవలసిన పని. పెసర బద్దనూ మినప బద్దనూ వేరు చేయాలంటే, మాడిన బద్ద లోపల అతుక్కుని ఉన్న మొలక ఎంత పొడవుందో కొలవవలసి ఉంటుంది.

లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డోరియన్ ఫుల్లర్, మన దేశపు పరిశోధకులు రవి కోరిశెట్టర్, పి. సి. వెంకటసుబ్బయ్య మొదలైనవారు ఈ పద్ధతిని బళ్ళారి దగ్గరి సంగనకల్లు నుంచి కడప జిల్లాలోని హనుమంతరావుపేట, పెద్దముడియం వరకు అనేక చోట్ల అనుసరించారు. 2004లో వెలువడిన వారి ఫలితాల్లో ఊరు మారినా అవే నాలుగు గింజలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి: ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రల జాతికి చెందిన ఒక గడ్డి గింజ. ఈ నాలుగూ వానాకాలపు పైర్లే. చెరువు, కాలువ అవసరం లేకుండా, నాలుగు వానలు పడితే ఎర్రనేలల్లో పండేవే. క్రీ.పూ. 2000 ప్రాంతానికే ఈ గింజల వాడకం ఇక్కడ స్థిరపడి ఉంది. గోధుమ, యవలు కొన్ని చోట్ల దొరికాయి గాని, అవి పడమటి దేశాల నుంచి ఉత్తరాది మీదుగా వచ్చినవి, చలికాలంలో పండేవి. మన నాలుగు గింజల బంధువులు మాత్రం ద్వీపకల్పపు అడవి అంచుల్లోనే సహజంగా పెరుగుతాయి. వ్యవసాయం బయటినుంచే ఇక్కడికి వచ్చిందన్న పాత అభిప్రాయాన్ని ఈ మాడిన గింజలు గట్టిగా ప్రశ్నించాయి. ఈ పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే. ఆ నాలుగింటిలో చివరి గడ్డి ఇప్పుడు నడిచేవాళ్ళ బట్టలకు అంటుకునే కలుపు మొక్క. ఒకప్పుడు దాన్ని కోసి, దంచి, వండుకున్నారు.

ఆ వంటింట్లో లేనివాటి జాబితా కూడా గమనించదగినదే. వరి దాదాపు లేదు. సజ్జలు, అనుములు ఆఫ్రికా నుంచి క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో వచ్చి చేరాయి. తొలి పరిశోధకులు రాగులని గుర్తించిన గింజలు కొన్ని తర్వాతి పరిశీలనలో నిలబడలేదు. మిరప అయితే అమెరికా ఖండం నుంచి నిన్నగాక మొన్న వచ్చినట్టే లెక్క.

నిప్పు చెప్పలేనివి కూడా ఉన్నాయి. ఆకుకూర మాడితే రూపం మిగలదు, పాలు తాగితే గింజ మిగలదు. ఇలాంటి వాటికి ఇతర సాక్షులను వెతకాలి. మెరుగుపూత లేని మట్టికుండ సన్నని రంధ్రాలతో కొవ్వును పీల్చుకుంటుంది. ఆ కొవ్వు ఆమ్లాల్లోని కర్బన ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కర్బన పరమాణువుల) నిష్పత్తిని కొలిచి అది మాంసపు కొవ్వా, పాల కొవ్వా చెప్పవచ్చు. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో ఉన్న కోటడా భాడ్లీ అనే సింధు నాగరికత స్థలంలోని కుండ పెంకుల్లో పాల కొవ్వు జాడలున్నట్టు 2020లో ఇలాగే తేలింది. హర్యానాలోని ఫర్మానాలో మనుషుల పళ్ళ మీదా, వంటపాత్రలోనూ పసుపు, అల్లం పిండిరేణువులు కనిపించాయి. దక్కన్ బూడిద దిబ్బల మనుషులు అంతటి పశుసంపదతో పాలను ఎలా వాడుకున్నారో చెప్పాలంటే ఇక్కడి పెంకులను కూడా ఇంత శ్రద్ధగా చదవాలి.

ఉలవ కథ మాత్రం గింజ దగ్గర ఆగలేదు. అడవి చిక్కుడు జాతి గింజలకు పొట్టు మందంగా ఉంటుంది. నీరు లోపలికి చొరబడక, తొలి వానకు కొన్ని, ఆ తర్వాతి ఏళ్ళలో కొన్ని మొలుస్తాయి. విత్తినవన్నీ ఒకేసారి మొలవాలని కోరుకునే రైతు చేతిలో, వెంటనే మొలిచినవే కోతకు వచ్చి మళ్ళీ విత్తనాలవుతాయి. ఆ ఎంపిక ఎవరూ తలపెట్టకుండానే ఏటా సాగి, పొట్టు తరతరానికీ పలచబడుతుంది. 2017లో చార్లీన్ మర్ఫీ, ఫుల్లర్ ఇద్దరూ భారతదేశపు తవ్వకాల్లో దొరికిన ఉలవలను బ్రిటన్‌లోని డైమండ్ సింక్రోట్రాన్ అనే పరిశోధన కేంద్రానికి తీసుకుపోయి, గింజను కోయకుండానే శక్తివంతమైన ఎక్స్ కిరణాలతో పొట్టు మందాన్ని కొలిచారు. వేర్వేరు కాలాల గింజలను పోల్చినప్పుడు పొట్టు పలచబడటం అక్కడ స్పష్టంగా కనిపించింది. రాత్రి నానబోసి మూటగట్టిన ఉలవలు రెండో రోజుకు మొలకలెత్తడం వెనక ఆ పలచబడిన పొట్టే ఉంది.