తినే టీకాలు: అపోహలు, వాస్తవాలు

మొక్కలలోకి కొత్త జన్యువులను ప్రవేశపెట్టే పని నాదని తెలియగానే, టీకా ప్రొటీన్‌ను తనలోనే తయారుచేసుకుని, తింటే సూదికి బదులుగా పనిచేసే అరటిపండు బజారుకు ఎప్పుడు వస్తుందని బంధువులు అడుగుతుంటారు. ఆ ప్రశ్న వెనుక ఉన్న అపోహలు కొన్ని ఇవి.

అపోహ: విదేశాలలో ఇటువంటి పండ్లు ఇప్పటికే అమ్ముతున్నారు.

వాస్తవం: మనుషులు తినడానికి అనుమతి పొందిన మొక్క టీకా ఏ దేశంలోనూ లేదు. 2022లో కెనడా ఆమోదించిన మెడికాగో కోవిడ్ టీకా పొగాకు జాతి మొక్క ఆకులలో తయారైన మాట నిజమే కానీ, దానిని శుద్ధి చేసి సూదితోనే ఇచ్చేవారు.

అపోహ: అయితే ఇదంతా కాగితం మీది ఊహే.

వాస్తవం: కాదు. 1998లో ప్రచురితమైన అమెరికా ప్రయోగంలో, విరేచనాలు కలిగించే ఇ.కోలై బాక్టీరియా విషంలోని హానిచేయని భాగాన్ని తయారుచేసే బంగాళాదుంపలను 11 మంది పచ్చివిగానే తినగా, వారిలో 10 మంది రక్తంలో ఆ ప్రొటీన్‌పై యాంటీబాడీలు నాలుగు రెట్లు లేదా అంతకుమించి పెరిగాయి. 2005 నాటి హెపటైటిస్-బి ప్రయోగంలో ఆ వైరస్ ప్రొటీన్ ఉన్న బంగాళాదుంపలను మూడు విడతలు తిన్న 16 మందిలో 10 మందికి యాంటీబాడీలు పెరిగాయి. అయితే వారంతా అంతకుముందే సూది టీకా వేయించుకున్నవారన్న సంగతిని ఈ విజయాన్ని చాటేవారు తరచుగా వదిలేస్తారు. ఆ దుంపలోనిది కొత్త పదార్థమేమీ కాదు, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈస్ట్ కణాలతో తయారుచేసి విడుదల చేసిన టీకాలోనిదీ అదే వైరస్ ఉపరితల ప్రొటీన్.

అపోహ: రోజుకొక పండు తింటే చాలు, మోతాదు లెక్కలు అక్కరలేదు.

వాస్తవం: ఈ రంగాన్ని ఇన్నేళ్లుగా ముందుకు సాగనివ్వని చిక్కు సరిగ్గా ఇదే. ఒకే మొక్కకు, ఒకే గుత్తిలో కాసిన రెండు టమాటాల రసాన్ని ఎలీసా (ప్రొటీన్ ఎంత ఉందో రంగుతో చూపే పరీక్ష) ప్లేటులో పరీక్షిస్తే, ఒక గుంట చిక్కటి పసుపు రంగుకు తిరగడం, దాని పక్కది వెలిసినట్టు ఉండిపోవడం నేను చూశాను. అంటే ఒకదానిలో ఉన్న ప్రొటీన్ రెండవదానిలో అంత లేదన్నమాట. పైగా జీర్ణరసాలు కొంత హరిస్తాయి, వంటలో వేడి మరికొంత పాడుచేస్తుంది. తక్కువైతే రక్షణ రాదు. అదే పనిగా తింటూ పోతే శరీరం ఆ ప్రొటీన్‌ను ఆహారంగా భావించి, దానిని ఎదిరించడమే మానేయవచ్చు. అందువల్లనే టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు కలరా టీకా వరిని అన్నంగా వండిపెట్టలేదు, పిండి చేసి, తూచి, ద్రవంలో కలిపి తాగించారు. నా దృష్టిలో అది మందే, భోజనం కాదు.

పశువుల విషయం కొంత వేరు, అవి మేతను వండుకోవు కదా! బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వారు పశువులకు సోకే పెద్దరోగం (రిండర్‌పెస్ట్) వైరస్ ప్రొటీన్ ఉన్న వేరుశనగను పశువులకు మేపి, రోగనిరోధక స్పందనను 2003లోనే చూపించారు.

అపోహ: మొక్కే కదా, పొలంలో వేస్తే వచ్చే నష్టమేమిటి?

వాస్తవం: 2002లో అమెరికాలోని నెబ్రాస్కాలో ప్రోడీజీన్ సంస్థ ఔషధ ప్రొటీన్ కోసం పెంచిన మొక్కజొన్న, మరుసటి పంటగా వేసిన సోయాలో రాలు గింజలనుంచి మళ్లీ మొలిచింది. అది కలిసిన సోయా గింజలు గిడ్డంగిలో దాదాపు 5 లక్షల బుషెల్స్ (అమెరికాలో ధాన్యం కొలత) సరుకుతో కలిసిపోవడంతో మొత్తం ధ్వంసం చేయవలసి వచ్చింది, సంస్థకు 2.5 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఆ తరువాతనే ఈ పని చాలావరకు మూసిన గ్రీన్‌హౌస్‌లలోకి, ఎవరూ తినని పొగాకు జాతి మొక్కలలోకి మారింది.