సీసపు సిపాయిల మీద పెద్దవాళ్లకు ఎందుకింత మక్కువ?

వేలెడంత సీసపు సిపాయి కోసం వేలంపాటల్లో పోటీపడే పెద్దవాళ్లను చూసి బయటివాళ్లు మొదట అడిగే ప్రశ్న: వీళ్లకు యుద్ధమంటే అంత ఇష్టమా? అలా అడగడం సహజమే. ఈ హాబీ ఎలా పుట్టి ఎలా పెరిగిందో చూస్తే మాత్రం కారణాలు వేరే చోట కనిపిస్తాయి. చిన్న వస్తువును తప్పులేకుండా చేయాలనే పట్టుదల, సగంలో ఉన్న సెట్‌ను పూర్తిచేయాలనే తపన, పేరు లేని గుంపులో ఒక్కొక్కరికీ ఒక ముఖం, ఒక కథ ఇవ్వాలనే కోరిక ఇందులో పెద్ద పాత్ర పోషించాయి.

చిన్న సైనికులను చేయడం చాలా పాత అలవాటు. ఈజిప్టులోని అస్యూత్‌లో మెసెహ్తి అనే ప్రాంతీయ పాలకుడి సమాధిలో రెండు చెక్క దళాలు దొరికాయి. క్రీ.పూ. 2000 ప్రాంతంలో చేసినవి. ఒకదానిలో 40 మంది ఈజిప్టు బల్లెగాళ్లు, ఇంకోదానిలో 40 మంది నూబియా విలుకాళ్లు. ఇవి ఆట కోసం చేసినవి కావు, పరలోకంలో యజమానికి తోడుండాలని సమాధిలో పెట్టినవి. అయినా వాటిని చెక్కినవాడు అందరినీ ఒకే అచ్చులా దింపలేదు. ఎత్తుల్లో తేడాలు ఉన్నాయి, డాళ్ల మీది నమూనాలు వేర్వేరుగా ఉన్నాయి.

యూరప్‌లో బొమ్మ సైన్యాలు చాలాకాలం రాజకుమారులకే పరిమితం. ఫ్రాన్సు రాజు 14వ లూయీకి చిన్నతనంలో వెండి సైన్యం ఉండేదని, తర్వాత నిజం యుద్ధాల ఖర్చు కోసం దాన్ని కరిగించారని చెబుతారు. రష్యా చక్రవర్తి మూడో పీటర్‌కు పెళ్లయ్యాక కూడా ఈ పిచ్చి పోలేదు. పిండితో చేసిన తన సిపాయిలను కొరికినందుకు ఒక ఎలుకను సైనిక చట్టం ప్రకారం ఉరి తీయించాడని అతని భార్య కేథరిన్ తన జ్ఞాపకాల్లో రాసుకుంది. భర్తను గద్దె దింపిన మనిషి మాట కాబట్టి దాన్ని కొంత తగ్గించుకునే చదవాలి.

ఈ బొమ్మలను మామూలు ఇళ్లలోకి తెచ్చినవాళ్లు జర్మనీలోని న్యూరెంబర్గ్, ఫ్యూర్త్ ఊళ్ల తగరం పనివాళ్లు. జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు ఫ్రెడరిక్ విజయాల గురించి యూరప్ అంతా చెప్పుకుంటున్న కాలంలో, 1770ల్లో, యోహాన్ గాట్‌ఫ్రీడ్ హిల్పెర్ట్ ఆ సైన్యాన్ని తగరంలో పోతపోశాడు. రెండు పలకరాళ్ల మీద బొమ్మను లోపలికి చెక్కి, రెండింటినీ కలిపి బిగించి, మధ్యలో కరిగిన లోహం పోసేవాళ్లు. బయటికి వచ్చేది చాలా పల్చటి సిపాయి. పక్కనుంచి చూస్తే ఒక గీతలా ఉంటాడు. ఎదురుగా చూస్తే గుండీలు, నడుముపట్టీ, గుర్రం జూలు అన్నీ కనిపిస్తాయి. వీటిని పల్చటి చెక్క పెట్టెల్లో సర్ది తూకం లెక్కన అమ్మేవాళ్లు. రంగులు వేసే పని ఇళ్ల దగ్గర ఆడవాళ్లు, పిల్లలు తక్కువ కూలికి చేసేవాళ్లు. పాత బొమ్మల మీది రంగుల గురించి మాట్లాడేటప్పుడు ఆ చేతులను మరిచిపోకూడదు. ఇవాళ మనం మెచ్చుకునే పనిలో సగం వాళ్లదే.

1839లో న్యూరెంబర్గ్‌లో వ్యాపారం మొదలుపెట్టిన ఎర్నెస్ట్ హైన్రిక్‌సన్ తన సిపాయిలకు 30 మిల్లీమీటర్ల ఎత్తును ఖాయం చేశాడు. తర్వాత మిగతా తయారీదారులు కూడా అదే దారిలో నడిచారు. సేకరణ అనే సరదా అసలు ఇక్కడే పుట్టిందని నా నమ్మకం. కొలత ఒకటే అయితే వేర్వేరు చోట్ల కొన్న సిపాయిలు ఒకే బల్ల మీద కలిసి నిలబడతారు. అప్పటినుంచి చేతిలో ఉన్నవాటికన్నా ఇంకా దొరకనివాటి మీద ధ్యాస పెరుగుతుంది. బొమ్మలు సేకరించే ఏ కలెక్టర్‌ను అడిగినా తన దగ్గర లేని బొమ్మ గురించే ఎక్కువసేపు చెబుతాడు.

వివరాల మీద ఈ పట్టుదల ఎంత దూరం పోగలదో చూడాలంటే విలియం సైబోర్న్ గురించి తెలుసుకోవాలి. బ్రిటిష్ సైన్యంలో అధికారి అయిన ఈయనకు 1830లో, నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధం నమూనా తయారుచేసే పని అప్పగించారు. ఆయన ఆ యుద్ధభూమిలోనే, లా హే సాంత్ అనే పొలం ఇంట్లో, 8 నెలలు ఉండి నేలను కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి, సాయంత్రం 7 గంటల వేళ మీ దళం ఎక్కడుంది, ఎదురుగా శత్రువు ఎలా నిలబడ్డాడు అని అడిగాడు. జవాబులు వందల్లో వచ్చాయి. మధ్యలో ప్రభుత్వం డబ్బు ఆపేస్తే అప్పులు చేసి పని పూర్తిచేశాడు. 70 వేలకు పైగా చిట్టి సిపాయిలతో ఆ నమూనాను 1838లో లండన్‌లో ప్రదర్శించారు. బ్రిటన్ పక్షాన పోరాడిన ప్రష్యా సైన్యాన్ని ఎక్కడ నిలబెట్టాలన్న దాని మీద, ఆ యుద్ధంలో బ్రిటిష్ సేనాని అయిన వెల్లింగ్టన్ వర్గంతో పేచీ వచ్చింది. గెలుపులో ప్రష్యన్ల వాటా ఎంత అనేదే ఆ పేచీలో అసలు విషయం. సైబోర్న్ 1849లో చనిపోయేనాటికి పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. కానీ ఆ ఉత్తరాలు ఇవాళ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటర్లూ చరిత్ర రాసేవాళ్లు వాటిని చూడక తప్పదు. బొమ్మలను సరైన చోట నిలబెట్టాలన్న తాపత్రయం వల్ల చరిత్రకు ఇంత ఆధారం దొరికింది.

కొందరికి వివరాలకన్నా కథ ముఖ్యం. 1826 జూన్‌లో పాట్రిక్ బ్రాంటీ అనే ఫాదిరీ లీడ్స్ నుంచి తన కొడుకు బ్రాన్‌వెల్ కోసం ఒక పెట్టె చెక్క సిపాయిలను తెచ్చాడు. కూతురు షార్లెట్ ఒకదాన్ని చటుక్కున తీసుకుని వెల్లింగ్టన్ అని పేరు పెట్టింది. బ్రాన్‌వెల్ తనదానికి బోనపార్ట్ అన్నాడు. చెల్లెళ్లు ఎమిలీ, ఆన్ కూడా తలొకటి తీసుకున్నారు. ఆ పన్నెండు బొమ్మల చుట్టూ గ్లాస్ టౌన్, ఆంగ్రియా అనే ఊహా రాజ్యాలు లేచాయి. వాటి చరిత్రలను, పత్రికలను పిల్లలు చీమతలంత అక్షరాలతో చిన్న చిన్న పుస్తకాల్లో రాశారు. ఆ అక్కచెల్లెళ్లు తర్వాత ఎంత పెద్ద నవలా రచయితలు అయ్యారో తెలిసిందే. బొమ్మ సైనికులు మగపిల్లల ఆట అనేవాళ్లకు చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

విన్‌స్టన్ చర్చిల్ సంగతి ఇంకోరకం. చిన్నప్పుడు ఆయన దగ్గర దాదాపు 1500 బొమ్మ సిపాయిలు ఉండేవారు. అందరూ బ్రిటిష్ వాళ్లే, అందరూ ఒకే సైజు. తమ్ముడు జాక్ మాత్రం శత్రుపక్షం. వాడికి ఫిరంగులు ఇవ్వకూడదని ముందే ఒప్పందం. ఒకరోజు తండ్రి వచ్చి ఆ సైన్యాన్ని ఇరవై నిమిషాలు పరిశీలనగా చూసి, సైన్యంలో చేరతావా అని అడిగాడు. పిల్లవాడు వెంటనే చేరతానన్నాడు. తనలో గొప్ప సేనానిని నాన్న చూశాడని చాలా ఏళ్లు అనుకున్నాడు. లాయర్ కావడానికి సరిపడా తెలివి లేదని తండ్రికి అనిపించిందని తర్వాత తెలిసింది. ఇదంతా చర్చిల్ స్వయంగా రాసుకున్నదే.

ఇప్పటి కలెక్టర్ల ప్రపంచాన్ని తయారుచేసిన సంవత్సరం ఏదంటే 1893. అప్పటికి లండన్ దుకాణాల్లో జర్మనీ, ఫ్రాన్సుల నుంచి వచ్చిన గట్టి సీసపు బొమ్మలు బరువుగా, ఖరీదుగా ఉండేవి. విలియం బ్రిటన్ జూనియర్ బోలు పోత పద్ధతి కనిపెట్టాడు. కరిగిన లోహాన్ని అచ్చులో పోయగానే అచ్చు గోడలకు తగిలిన పొర ముందు గడ్డకడుతుంది. పోతపోసేవాడు ఆ క్షణంలోనే అచ్చును తిప్పి, మధ్యలో ఇంకా ద్రవంగా ఉన్నదాన్ని బయటికి ఒంపేస్తాడు. మిగిలేది లోపల ఖాళీగా ఉన్న సిపాయి. సీసం తక్కువ పట్టింది, బరువు తగ్గింది, ధర తగ్గింది. చేతి ఒడుపు మీద ఆధారపడిన పని ఇది. అరక్షణం ఆలస్యమైతే బొమ్మ గట్టిపడిపోతుంది, తొందరపడితే చిల్లుపడుతుంది.

బ్రిటన్స్ కంపెనీ 54 మిల్లీమీటర్ల కొలతను ఎంచుకుంది. మొదటి సెట్ లైఫ్ గార్డ్స్ అశ్వికదళం. ఆ తర్వాత రెజిమెంట్ వెంట రెజిమెంట్, ప్రతి సెట్‌కూ ఒక నంబరు. ఎర్ర పెట్టెలో అట్ట మీద దారంతో కట్టి అమ్మేవాళ్లు. సామ్రాజ్యం ఎక్కడ యుద్ధం చేస్తే ఆ సైన్యాలు, వాటి శత్రువులు పెట్టెల్లోకి వచ్చేవి. ఇప్పటి కలెక్టర్లు ఈ సెట్లను చూస్తూ ఆ కాలపు బ్రిటన్ ప్రపంచాన్ని ఏ కళ్లతో చూసిందో కూడా గమనిస్తారు. ఎవరి పేరు పెట్టె మీద గౌరవంగా వేశారో, ఎవరిని ఓడిపోవడానికే తయారుచేశారో పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

యుద్ధాన్ని ఇష్టపడుతున్నారా అన్న ప్రశ్నను ఈ హాబీలో ఉన్నవాళ్లే ముందు వేసుకున్నారు. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో, సిపాయిలను స్ప్రింగ్ ఫిరంగితో పడగొట్టే ఆటకు నియమాలు రాసి 'లిటిల్ వార్స్' పేరుతో పుస్తకం వేశాడు. ఇలాంటి చిన్న యుద్ధం మూడు నాలుగుసార్లు ఆడితే, అసలు యుద్ధం ఎంత గందరగోళంగా ఉంటుందో ఎవరికైనా తెలుస్తుందని అందులోనే అన్నాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. అది ముగిశాక జనానికి సైనికుల బొమ్మలంటే విసుగు పుట్టింది. బ్రిటన్స్ ఆవులు, గొర్రెలు, పాలమ్మాయిలతో పొలం సెట్లు తీసుకొచ్చింది.

అదే కాలంలో జర్మనీలో హౌసర్ కంపెనీ ఎలాస్టోలిన్ పేరుతో రంపపుపొట్టు, జిగురు కలిపి బొమ్మలు చేసేది. 1933 తర్వాత హిట్లర్, నాజీ దళాల బొమ్మలు వచ్చాయి. ఇవాళ వాటిని ఆ కాలపు ప్రచారానికి సాక్ష్యంగా, ఆ వివరణతోపాటే ప్రదర్శించాలి. అందమైన అల్మరాలో గర్వంగా నిలబెట్టడం నాకు నచ్చదు. డ్రెస్డెన్‌లో రకరకాల భంగిమలకు పేరుపొందిన హైడే కంపెనీ 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో నాశనమైంది. ఆ బొమ్మల్లో చాలావాటి మీద కంపెనీ గుర్తు లేదు. ఇది హైడేదా కాదా అని తేల్చుకోవడమే కొందరికి జీవితకాలపు పనైంది.

ప్లాస్టిక్ వచ్చాక సీసం వెనక్కి తగ్గింది. సీసం విషమన్న భయం పెరిగింది, ఖర్చులూ పెరిగాయి. 1966లో బ్రిటన్స్ సీసపు సిపాయిల తయారీ ఆపేసింది. ఇక కొత్తవి రావని తేలడంతో ఉన్నవాటి విలువ పెరిగింది. 1935లోనే బ్రిటిష్ మోడల్ సోల్జర్ సొసైటీ పుట్టింది కాబట్టి సేకరించేవాళ్లకు అప్పటికే ఒక బృందం ఉంది. తర్వాతి దశాబ్దాల్లో అమెరికన్ పత్రికాధిపతి మాల్కమ్ ఫోర్బ్స్ లక్షకు పైగా బొమ్మలు పోగుచేసి, మొరాకోలోని టాంజియర్‌లో మ్యూజియం పెట్టాడు. జర్మనీలోని కుల్మ్‌బాఖ్‌లో ప్లాసెన్‌బర్గ్ కోటలో తగరపు బొమ్మల మ్యూజియం ఉంది. రెండేళ్లకోసారి అక్కడ సంత జరుగుతుంది, దేశదేశాల వాళ్లు వస్తారు.

అక్కడికి వచ్చేవాళ్లలో అందరి సరదా ఒకటి కాదు. కొందరు చిన్నప్పుడు పోగొట్టుకున్న సెట్‌నే వెతుకుతారు. కొందరు రంగు వేయని బొమ్మ కొని, యూనిఫాం పుస్తకాలు ముందేసుకుని, ఒక్క కాలర్ రంగు కోసం వారాలు వెచ్చిస్తారు. కొందరు యుద్ధక్రీడలు ఆడతారు. పాత బొమ్మల వాళ్లకు అసలు రంగు, అసలు పెట్టె, వీలైతే అసలు దారం ఉండాలి. రంగు ఊడిందని మళ్లీ పెయింట్ వేస్తే విలువ సగానికి సగం పడిపోవచ్చు. నాకైతే పిల్లలు ఆడి గీతలు పడిన బొమ్మే ఇష్టం, అయినా రంగు ముట్టుకోవద్దన్న వాళ్ల మాట సరైందే. ఇంకో జాగ్రత్త: ఓక్ చెక్క అల్మరాలో సీసపు బొమ్మలు పెట్టకూడదు. ఆ చెక్కనుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని మెల్లగా తెల్లటి పొడిగా మార్చేస్తుంది. పిల్లలకు అందకుండా ఉంచాలని వేరే చెప్పక్కర్లేదు.

చవక ప్లాస్టిక్ సిపాయిలకూ ఇప్పుడు గౌరవం దక్కింది. ఆకుపచ్చ ఆర్మీ బొమ్మలను 2014లో అమెరికాలోని నేషనల్ టాయ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. సైన్యంలో ఆడవాళ్లు ఉన్నప్పుడు ఈ బొమ్మల్లో ఎందుకు లేరని ఒక ఆరేళ్ల పాప 2019లో ఉత్తరం రాసింది. పెన్సిల్వేనియాలోని బీఎంసీ టాయ్స్ అనే చిన్న కంపెనీ దానికి స్పందించింది. కొత్త అచ్చుల ఖర్చు కోసం ఆన్‌లైన్‌లో ముందుగా చందాలు అడిగితే వచ్చాయి. 2020లో మహిళా సైనికుల సెట్ అమ్మకానికి వచ్చింది.